వాలు మీద పూలు, రాళ్ళ పంజరాలు

వాలు మీది ఇల్లు
ఎండలు ముదురుతున్న రోజులు

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకల్లా పోట్లాటలో పడతాం. నాలుగో మాటకి నువ్వు "సరేలే" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు.

సంగతేమిటంటే, పోయిన వానలకి మా పెరటి వాలు కొంచెం జారింది. కొంచెమే, కంగారుపడకు. మా అత్తగారి డాలియాల మడి ఒకటి మట్టితో సహా కిందికి వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఆవిడ ఆ మొక్కల్ని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ పైన నాటారు. "అవి రావాలనుకుంటే మళ్ళీ వస్తాయి, నేను మళ్ళీ ఎక్కిస్తాను" అంటున్నారు. ఆవిడ పట్టుదల నీకు తెలుసు.

నా పని కూడా ఆ పెరట్లోనే అని నీకు గుర్తు చెయ్యాలా? విత్తనాల కంపెనీ వాళ్ళు గింజలు పంపుతారు, మా అత్తగారు పెంచుతారు, పూసినవాటికి నేను ఫోటోలు తీస్తాను. అవే పొట్లాల మీద అచ్చవుతాయి. వాలు పోతే అత్తాకోడళ్ళిద్దరం ఖాళీ. మీ బావ ఓడ దిగి వచ్చేసరికి వానాకాలం అయిపోతుంది.

నువ్వు పెద్దపెద్ద తోటలకి రాళ్ళ పంజరాలు కడుతుంటావు కదా, మాకూ ఒక వరస కట్టిపెట్టు. వానలలోపు వచ్చి వెళ్ళు. మరదలిని కూడా తీసుకురా.

నీ అక్క

*

రాళ్ళ షెడ్డు

అక్కా,

చేతులనిండా సిమెంటు. అందుకని నేను చెబుతుంటే మీ మరదలు రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయంటేనే నావి కావని నీకు తెలిసిపోయి ఉంటుంది.

ఈసారి నేను రాలేను. పని మీద పని పడింది. కానీ ఇది నువ్వు చెయ్యలేని పనేమీ కాదు. ఇద్దరు కూలీలని పెట్టుకో, నేను చెప్పినట్టు చేయించు.

ఇంజనీర్లు దీన్ని గేబియన్ అంటారు. మనకి పంజరమే. తీగ వలతో చేసిన పెట్టె, దాన్నిండా రాళ్ళు, అంతే. సిమెంటు చుక్క కూడా అక్కర్లేదు. అదే దాని గొప్ప. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి పోతాయి, మట్టి ఆగుతుంది. సిమెంటు గోడ నీళ్ళని కూడా ఆపుతానంటుంది, అక్కడే చెడుతుంది.

ముందు వాలు అడుగున గట్టినేల తగిలేదాకా తవ్వించు. కంకర పోసి దిమ్మిస కొట్టించు. పంజరం వాలు వైపు ఒక పిసరు ఒరిగి ఉండాలి, మనిషి కుర్చీలో వెనక్కి ఆనుకున్నట్టు. వెనకాల మట్టి కారకుండా మందపాటి జల్లెడ గుడ్డ పరిపించు. గుండ్రటి ఏటిరాళ్ళు వద్దు, అవి ఒకదాని మీద ఒకటి జారతాయి. కోణాలున్న రాళ్ళు తెప్పించు, వల కంతకన్నా పెద్దవి. రెండో వరస మొదటిదాని కంటే మెట్టులా వెనక్కి జరగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రాళ్ళు తట్టతో కుమ్మరించకూడదు. చేత్తో పేర్చాలి. బయటికి కనిపించే వైపు చదునైన ముఖం పెట్టాలి. కొంత నిండగానే ముందు వలకీ వెనక వలకీ అడ్డంగా తీగ కట్టాలి. లేకపోతే పంజరానికి పొట్ట వస్తుంది.

కట్టాక ఒక ఫోటో పంపు.

తమ్ముడు

*

వాలు మీది ఇల్లు

తమ్ముడూ,

పొట్ట వచ్చింది.

కూలీలు రెండు రోజులు వచ్చి మూడో రోజు ఇంకెక్కడికో పోయారు. వాళ్ళున్నంతసేపూ తట్టలతో కుమ్మరించడమే. "చేత్తో పేర్చండయ్యా" అంటే "రాయి రాయే కదమ్మా" అన్నారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే మొదటి పంజరం ముందుకి ఉబికి ఉంది. మా అత్తగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మీ తమ్ముడు నేర్పించిన పని ఇదేనా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొత్తం విప్పేశాను. ఇప్పుడు మేమిద్దరమే పేరుస్తున్నాం. నేను రాయి అందిస్తే ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, నచ్చకపోతే తిరిగి నా చేతికే ఇస్తారు.

పంజరం ఫోటో సిగ్గుతో పంపడం లేదు. దానికి బదులు డాలియా ఫోటో ఒకటి పెట్టాను, మొన్న పొద్దున తీసింది. నారింజ రంగు చూశావా?

ఇంకో మాట. పంజరాలకి సిమెంటు చుక్క కూడా అక్కర్లేదని నువ్వే రాశావు. అదే ఉత్తరంలో చేతులనిండా సిమెంటు అన్నావు. మరి ఆ సిమెంటు ఎక్కడిదిరా? మొన్న నువ్వు వేసిన పోస్టుకార్డులోనూ మరదలి చేతిరాతే. నీ పెళ్ళిలో చదివింపుల పుస్తకం కూడా ఇంకొకరిని రాయనివ్వనివాడివి, ఉత్తరం ఇంకొకరి చేత రాయిస్తావా? ఏం జరిగింది? దాచకు.

అక్క

*

రాళ్ళ షెడ్డు

అక్కా,

ఇది నా రాతే. ఎడమచెయ్యి. చదవలేకపోతే రెండుసార్లు చదువు.

రాళ్ళెత్తే గొలుసు జారింది. రాయి దిగింది. కింద నా కుడిచెయ్యి ఉంది. చిటికెనవేలు, ఉంగరంవేలు తీసేశారు. మిగతావి ఉన్నాయి, కానీ మడవమంటే మడవవు. పోయిన వానల చివర్లో జరిగింది. నీకు చెబితే వాలునీ అత్తయ్యగారినీ వదిలేసి పరుగెత్తుకొస్తావని చెప్పలేదు. మీ మరదలిని తిట్టకు, నేనే ఒట్టు వేయించుకున్నాను.

ఇక నీ సంగతి. డాలియా బాగుంది. నువ్వెప్పుడూ వెనకంతా మసక చేసి పువ్వొక్కటే చూపిస్తావు. కానీ ఆ మసకలో మీ వెనక వసారా స్తంభం ఉంది. అది నిలువుగా లేదక్కా. కెమెరా ఒరిగిందేమో అనుకుని పక్కన వేలాడుతున్న తాడు చూశాను. తాడు నిలువుగానే ఉంది.

కొంచెమే జారిందన్నావు. వసారా కదిలిందా లేదా? నిజం రాయి.

తమ్ముడు

*

వాలు మీది ఇల్లు

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి నిన్ను తిట్టాను. తర్వాత మరదలికి ఫోన్ చేసి తననీ తిట్టాను. ఇద్దరం కలిసి మళ్ళీ ఏడ్చాం. అయిపోయింది. ఇక దాని గురించి ఏడవను, నీకూ నచ్చదు.

అవును, వసారా కదిలింది. నేలలో పగులు పడింది, వంటింటి గడప దాకా వచ్చింది. మా అత్తగారిని కొన్నాళ్ళు వేరే ఇంట్లో ఉందామని అడిగాను. "మొక్కలు కూడా వస్తాయా?" అన్నారు. ఆ మాట మీదే ఉన్నారు. మీ బావకి కూడా పూర్తిగా చెప్పలేదు. సముద్రం మధ్యలో ఉన్న మనిషి ఏం చెయ్యగలడు? అందుకే నీకు "కొంచెం" అని రాశాను. ఇద్దరికిద్దరం సరిపోయాం.

పార్శిల్‌లో నా పాత కెమెరా పంపుతున్నాను. మూడుకాళ్ళ స్టాండు కూడా ఉంది. కెమెరాలు చేసేవాళ్ళు బొత్తాం కుడివైపే పెడతారు, లోకంలో అందరికీ కుడిచెయ్యి బాగానే ఉంటుందని వాళ్ళ నమ్మకం. అందుకని కెమెరాకి తగిలించి దూరం నుంచి నొక్కే తీగ బొత్తాం కూడా పెట్టాను. దాన్ని ఎడమచేత్తో నొక్కు చాలు. ఊరికే కూర్చుని గోడకేసి చూస్తున్నావని మరదలు చెప్పింది. గోడకి బదులు ఒక పువ్వుకేసి చూడు.

ఎండలో తియ్యకు, రేకులు తెల్లబారతాయి. పొద్దున్నే తియ్యి, లేదా పైన తెల్లగుడ్డ పట్టించు. నిలబడి కిందికి చూస్తూ తీస్తే పువ్వు నేల మీద పారేసినట్టుంటుంది. కూర్చో, దాని ఎత్తుకి దిగు. చూపు రేకుల మీద కాదు, నడిమి కేసరాల మీద నిలపాలి. గాలి వీస్తే ఆగు. గాలితో పోటీ పడి గెలిచినవాళ్ళు లేరు.

తీసినవి పంపు. బాగులేకపోతే బాగులేదనే చెబుతాను.

అక్క

*

రాళ్ళ షెడ్డు

అక్కా,

కెమెరా చేరింది. పది ఫోటోలు పెట్టాను. తొమ్మిది మసక. షెడ్డు వెనక ఎవరూ నాటని బంతిమొక్కలు రాళ్ళగుట్టలో పూశాయి, అవే తీశాను. పదో దాంట్లో తెల్లగుడ్డ పట్టుకున్న మీ మరదలి చెయ్యి పడింది, అది తప్పు ఫోటో.

పగులు వంటింటి దాకా వచ్చిందంటే ఒక వరస చాలదు. మూడు వరసలు కావాలి. భయపడకు, పైకి వెళ్ళేకొద్దీ పని తగ్గుతుంది. పగులులోకి నీళ్ళు పోకుండా మట్టి కూరి పైన పట్టా కప్పించు. వాలు పై అంచున అడ్డంగా ఒక కాలవ తవ్వి వాననీళ్ళు పక్కకి మళ్ళించు. ఇది ముందు చెయ్యి, పంజరాలు తర్వాత.

ఎలాగూ కడుతున్నావు కాబట్టి అందంగా కూడా కట్టు. మధ్య వరసలో అక్కడక్కడా రాళ్ళ మధ్య గుప్పెడు చోటు వదులు. అందులో సంచీగుడ్డ పరిచి మట్టి నింపు. వేళ్ళు తక్కువగా పోయే, కిందికి వేలాడే పూలతీగలు నాటితే కొన్నాళ్ళకి వల కనపడదు. కింది వరస మీద చెక్కపలక బిగిస్తే బెంచీ అవుతుంది, అత్తయ్యగారు కూర్చుని నిన్ను అజమాయిషీ చేసుకోవచ్చు. ఒక పెద్ద తోటలో ఎర్రరాయి ఒక చార, నల్లరాయి ఒక చార పేర్చాను, దూరం నుంచి నేసిన గుడ్డలా ఉండేది. అదంతా చెయ్యి పని. రాయి పట్టుకుంటే దాని ముఖం ఎటుందో చెయ్యే చెప్పేది, కన్ను తర్వాత చూసేది.

ఇప్పుడు చెయ్యి ఏమీ చెప్పదు. షెడ్డు ఖాళీ చేద్దామనుకుంటున్నాను. సామాన్లు చూడ్డానికి వచ్చే వారం ఒకాయన వస్తానన్నాడు.

తమ్ముడు

*

వాలు మీది ఇల్లు

తమ్ముడూ,

నువ్వు చెప్పిన కాలవ తవ్వాం. పగులు పూడ్చాం. కింది వరస పూర్తయింది, మధ్య వరస సగంలో ఉంది. వీధిలో కుర్రాళ్ళ గుంపు క్రికెట్ మానేసి వచ్చి రాళ్ళందించింది. మా అత్తగారు వాళ్ళకి కూడా నచ్చని రాళ్ళు తిరిగి ఇచ్చేస్తున్నారు. పక్కింటి పళ్ళ డాక్టరు గోడ మీంచి తల పెట్టి, "ఏమిటండీ, రాళ్ళకి జైలా?" అని నవ్వాడు. ఆయనది అదే వాలు. కిందటేడు నున్నటి సిమెంటు గోడ కట్టించుకున్నాడు, రంగు కూడా వేయించాడు. మా అత్తగారు ఆయనకి జవాబివ్వలేదు. అది మంచి శకునం కాదు.

నీ తొమ్మిది ఫోటోలూ చింపెయ్. కేసరాల మీద చూపు లేదు, గాలికి ఆగలేదు. పదోది నీకు తప్పు ఫోటో కావచ్చు. పొట్లం వాళ్ళయితే అవతల పారేస్తారు. కానీ అందులో రాయి ఉంది, రాయిలోంచి వచ్చిన పువ్వు ఉంది, దాని మీద నీడ పట్టిన చెయ్యి ఉంది. నేను ఇన్నేళ్ళుగా పూలు తీస్తున్నాను, ఆ పువ్వుకి నీడ ఎవరిచ్చారో ఒక్కదాంట్లో కూడా లేదు. దాన్ని వంటింటి గోడకి అంటించాను.

సామాన్లు అమ్మకు. చెయ్యి పోతే కన్ను పోలేదు, నోరు అసలే పోలేదు. మనుషుల్ని పెట్టుకుని చెయ్యించలేవా? నువ్వు ఉత్తరంలో చెబితేనే మేం ఒకటిన్నర వరస కట్టాం.

అక్క

*

రాళ్ళ షెడ్డు

అక్కా,

సలహాలు వద్దు. అందరూ ఇస్తున్నారు.

చేత్తో పని చేసేవాణ్ణి మేస్త్రీ అంటారు. నోటితో పని చేయించేవాణ్ణి అత్తగారంటారు. నేను మేస్త్రీని. మొన్న ఒక తోటకి వెళ్ళాను, మా పాత పనివాళ్ళు పేరుస్తున్నారు. రాయి తప్పు పెట్టాడు ఒకడు. చెయ్యి చాచాను. చాచాక గుర్తొచ్చింది. వాడు తల వంచుకున్నాడు, నేనూ తల వంచుకున్నాను. ఇంటికొచ్చేశాను.

సామాన్ల ఆయన ఈ వారం రాలేదు, వచ్చే వారం వస్తాడట.

మూడో వరస వానలలోపు అయ్యేట్టు చూడు. మబ్బులు ఇక్కడ అప్పుడే పట్టాయి.

తమ్ముడు

*

వాలు మీది ఇల్లు
వాన వెలిసిన రోజు

తమ్ముడూ,

మేమిద్దరం బాగున్నాం. ముందు ఆ మాట.

మూడో వరస పైమూత కట్టిన మర్నాడే వాన మొదలైంది. పొద్దున్న కాఫీ పెట్టుకుంటున్నాను, ఆకాశం ఒక్కసారిగా కుమ్మరించేసింది. మధ్యాహ్నందాకా ఆగలేదు. మేమిద్దరం వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాం. ముందు రాళ్ళ సందుల్లోంచి ఎర్రటి బురదనీళ్ళు వచ్చాయి. మట్టి కూడా వచ్చేస్తోందనుకున్నాను. మా అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ నన్ను అలా పట్టుకోవడం నాకు గుర్తు లేదు. కాసేపటికి నీళ్ళు తేటపడ్డాయి. ఆ తర్వాత సందుసందులోంచీ తెల్లగా, కుళాయిలు విప్పినట్టు వచ్చాయి. ఆవిడ చెయ్యి వదిలేసి, "పాలు పొంగాయి, చూడు" అన్నారు.

అప్పుడు పక్క నుంచి చప్పుడు. డాక్టరు గోడ. విరగలేదు, పగల్లేదు, ఉన్న గోడ ఉన్నట్టే ముందుకి పడుకుంది. వెనకాల నీళ్ళు నిలిచిపోయాయి కదా. ఆయన స్కూటరు దాని కింద ఉంది. మనుషులెవరూ లేరు, అదే అదృష్టం. కానీ ఆయన వాలు ఇప్పుడు నోరు తెరుచుకుని ఉంది. వెనకగదిలోనే ఆయన క్లినిక్.

మన మధ్య వరసలో ఒక పంజరానికి కొంచెం పొట్ట వచ్చింది. అడ్డతీగ ఒకటి మర్చిపోయి ఉంటాను. ఫోటో పెడుతున్నాను, ఏం చెయ్యాలో చెప్పు. అందులో నాటిన పూలతీగల్లో రెండు కొట్టుకుపోయాయి, మిగతావి పట్టుకునే ఉన్నాయి. వసారా స్తంభం ఇంకా ఒరిగే ఉంది కానీ పగులు పెరగలేదు, రోజూ చూస్తున్నాను.

నిలబెట్టింది నువ్వే. నీకు ఆ మాట ఇష్టం లేకపోయినా రాస్తున్నాను.

అక్క

*

వాలు మీది ఇల్లు

అబ్బాయీ,

నేను మీ అక్క అత్తగారిని. ఉత్తరాలు రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో. నీ ఉత్తరాలన్నీ మీ అక్క నాకు చదివి వినిపిస్తుంది. కొన్ని చోట్ల దాటేస్తుంది, అవి నేను తర్వాత చూసుకుంటాను.

నోటితో పని చేయించేవాణ్ణి అత్తగారంటారని రాశావు. సరే. నాకు మోకాళ్ళు వంగడం మానేసి చాలా కాలమైంది. పాదు చెయ్యలేను, నీళ్ళబిందె ఎత్తలేను. అయినా ఈ పెరట్లో పూసిన ప్రతి పువ్వూ నాదే. మీ అక్కని అడుగు. పొట్లం మీద మీ అక్క బొమ్మ వేస్తారా, నా బొమ్మ వేస్తారా? పువ్వు బొమ్మ వేస్తారు. ఎవరి చేతులైనా పువ్వుకి ఒకటే.

పళ్ళ డాక్టరు వచ్చాడు. జైలు మాట ఎత్తలేదు. "మీకు కట్టినాయన ఎవరండీ?" అన్నాడు. మా కోడలి తమ్ముడని చెప్పాను. వస్తాడని చెప్పాను. నిన్ను అడక్కుండా చెప్పాను. ఆయన వాలు మా వాలుకి ఆనుకునే ఉంది, అది దిగితే నా డాలియాలు కూడా దిగుతాయి, కాబట్టి ఇది నీ కోసం కాదు, నా కోసం. ఆయనకి మా దానికంటే ఎత్తుగా కావాలి, వాలు అక్కడ నిటారుగా ఉంది. అది ఉత్తరాల్లో చెప్పి చేయించే పని కాదని మీ అక్కే అంటోంది. కంటితో చూసేవాడు కావాలి.

చేతులు ఇక్కడున్నాయి. నావి, మీ అక్కవి, వీధిలో వాళ్ళవి, డాక్టరు కాంపౌండరుది కూడా. రాయి తప్పు పెడితే నువ్వు చెయ్యి చాచు, ఫరవాలేదు. ఎవరో ఒకరు ఆ చేతిలో రాయి పెడతారు, ఎటు తిప్పాలో నువ్వు చెప్పు. తల వంచుకునేవాళ్ళు ఇక్కడ లేరు.

మీ ఆవిడని కూడా తీసుకురా. ముందుగదిలో మంచం వేయించాను.

అత్తయ్య

*

రాళ్ళ షెడ్డు

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ముందు మీ కోడలి తమ్ముడు ఒక్కడే చదివాడు. తర్వాత మీ కోడలి మరదలు చదివింది. ఆవిడ చదివి లోపలికి వెళ్ళి ప్రయాణం పెట్టె దించింది.

సామాన్ల ఆయన ఈ పొద్దున వచ్చాడు. తీగ మెలిపెట్టే పటకారు, మట్టం చూసే గొట్టం, దారపు ఉండ, పెద్ద సుత్తి పక్కన పెట్టుకుని మిగతావి చూపించాను. "ఇవి లేకుండా మిగతావి నాకెందుకు?" అని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

డాక్టరుగారికి నేనడిగినట్టు చెప్పండి. పడిన గోడని ముక్కలు కొట్టించమనండి, కానీ బయట పారేయొద్దు, కోణాలున్న ముక్కలు లోపలి పూరకానికి పనికొస్తాయి. వాలు అంచున వెంటనే కాలవ తవ్వించాలి, మీ దానికి కలిపి. వెనకగదిలో రోగుల్ని కూర్చోబెట్టొద్దు. కొత్త రాళ్ళు రెండు రంగులవి తెప్పించమనండి. జైలు కడుతున్నప్పుడు కాస్త చూడ్డానికి బాగుండాలి కదా.

మధ్య వరసలో పొట్ట వచ్చిన పంజరాన్ని అక్క ముట్టుకోకూడదు. అది నేను చూడాలి.

శుక్రవారం బస్సుకి ఇద్దరం బయలుదేరుతున్నాం. రాళ్ళు వచ్చి ఉంటే రంగు ప్రకారం విడివిడిగా గుట్టలు పోయించండి. నేను దిగేదాకా పంజరంలో ఒక్క రాయి కూడా వెయ్యనివ్వకండి.

మీ
మేస్త్రీ